తమ్ముడు ఫాదర్ అవుతానంటున్నాడు, ఆ జీవితం నిజంగా ఎట్టుంటది?

ఇంటర్ అవంగానే తమ్ముడు సెమినరీకి, అంటే క్యాథలిక్ ఫాదర్ల చదువుకి, పోతానంటున్నాడు, అమ్మేమో ఏడుస్తా ఉంది, కుర్ర ఫాదర్ల బతుకు దగ్గర్నించి చూసినోళ్ళు చెప్పండి అన్నారు కదా. నేను ఫాదర్ని కాదు. మా నాయన పొదిలి పక్క ఒక పల్లెలో ఉపదేశి (ఊర్లో ప్రార్థనలు, బోధ చూసుకునే మనిషి), మా విచారణకి (ఒక ఫాదర్ కిందుండే ఊర్లు) కొత్తగా పట్టాభిషేకం అయిన, అంటే ఫాదర్ పట్టం తీసుకున్న, సహాయ గురువు వస్తే ఆయనకి దారులు తెలీవని నన్ను బండెక్కించారు, అట్టా రెండేళ్ళు తిరిగినా.

ముందు అమ్మకి ఒకటి చెప్పండి, రేపే ఫాదర్ అయిపోడు. ఫిలాసఫీ, మధ్యలో ఒక ఏడాది ఏదన్నా విచారణలో పని, తర్వాత థియాలజీ నాలుగేళ్ళు, అంతా కలిపి పదేళ్ళ దాకా పడతది. 25 ఏళ్ళు నిండకుండా మామూలుగా గురుపట్టం ఇయ్యరు, అంతకుముందు కనీసం 6 నెలలు డీకన్‌గా, అంటే ఫాదర్‌కి ముందు మెట్టులో, ఉండాల. మధ్యలో ఇంటికొచ్చేసేవాళ్ళు చానామంది, అదేం తప్పు కాదు, మా ఊర్లో మాత్రం అదేదో నేరం చేసినట్టు చూస్తారు, అది మన జనాల జబ్బు.

పట్టాభిషేకం రోజు పూలదండలు, బిర్యానీ, ఊరంతా ఫ్లెక్సీలు, అది చూసి పోతానంటే మాత్రం ఆపండి. మా ఫాదర్‌కి అప్పుడు 28 ఏళ్ళు, వాళ్ళ నాయన వయసోళ్ళు వచ్చి మోకాళ్ళేసి పాపసంకీర్తనం చేస్తారు, అంటే చేసిన తప్పులు చెప్పుకుంటారు, అది విన్నాక ఎవ్వరికీ చెప్పకూడదు, కోర్టు అడిగినా చెప్పకూడదు. అంత బరువు లోపల పెట్టుకుని బయటికొచ్చి సబ్ స్టేషన్ గుడికి (విచారణ కిందుండే చిన్న పల్లె గుడి) బోరు మోటారు కాలిపోయిందంటే మెకానిక్‌ని వెతకాల.

మొదటి ఏడాది ఒక పల్లెలో ఆదివారం పూజకి పదిమంది కూడా రాలేదని ఈయన ప్రసంగంలో గట్టిగా తిట్టేశాడు. ముసలోళ్ళు తలొంచుకుని విన్నారు. బయటికొచ్చాక మా నాయన మెల్లిగా, అయ్యా ఇప్పుడు పొగాకు సెగకి ఆరబెడతుండారు, బ్యారన్ కొట్టులో ఆకు పెట్టినాక రాత్రీ పగలూ మంట చూస్తా ఉండాల, వదిలేసి వస్తే ఏడాది కష్టం పోద్ది అన్నాడు. ఈయన ఏం మాట్లాడలా. సాయంత్రం నన్ను తీసుకుని బ్యారన్‌ల దగ్గరికే పోయినాడు, ఆ సెగలో నిలబడి ఒక్కొక్కరి దగ్గర క్షమించమన్నాడు, వాళ్ళకే సిగ్గేసింది పాపం. ఆ సీజన్ అయ్యేదాకా పూజ రాత్రి ఏడింటికి పెట్టాడు.

ఇంకో రోజు పన్నెండున్నరకి ఫోను, ఒక అవ్వకి అవస్థ అభ్యంగనం, అంటే బాగా జబ్బు చేసినోళ్ళకి తైలం పూసి చేసే ప్రార్థన, ఇయ్యాలని. వాన, కంకర రోడ్డు. జేబులో తైలంలో తడిపిన దూది ఉన్న చిన్న డబ్బీ, అది తడవకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టుకున్నాడు, మనిషి మాత్రం ముద్దగా తడిసిపోయాడు. నుదుటి మీద, అరచేతుల మీద తైలం పూస్తుంటే ఆ అవ్వ కళ్ళు తెరిచి, తిన్నావా అయ్యా అని అడిగింది.

తిన్లేదు. రెండు దాటినాక వచ్చి గిన్నెలో మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని వరండాలో ఒక్కడే కూచుని తిన్నాడు. నన్నడిగితే కష్టం అంతా అక్కడే ఉంది, ఆదివారం అందరూ చెయ్యి పట్టుకుని మాట్లాడి వాళ్ళ పిల్లలతో ఇళ్ళకి పోతారు, ఆ తర్వాత గేటేసుకునేది ఈయన ఒక్కడే. పెళ్ళి లేకపోవడం అంటే అందరూ వేరేదనుకుంటారు, నాకు కనపడింది మాత్రం ఆ గిన్నె.

డబ్బు సంగతి, మేత్రాసన గురువులు (ఒక బిషప్ కిందుండే ప్రాంతం ఫాదర్లు) సన్యాస సభల వాళ్ళలాగా పేదరికంలో బతుకుతామని మొక్కుబడి చెయ్యరు, బ్రహ్మచర్యం, పీఠాధిపతికి, అంటే ఆ బిషప్‌కి, విధేయత ఉంటాయి. అంటే నెల్లూరు మేత్రాసనంలో అయితే నెల్లూరు, ప్రకాశం ఎక్కడేస్తే అక్కడికి పోవాల, నచ్చిన ఊరు అనేది లేదు.

సెలవుల్లో ఫాదర్ కావాలనుకునే పిల్లలకి దైవపిలుపు క్యాంపులు పెడతారు, పంపండి, కానీ దానికంటే ముందు మీ విచారణ ఫాదర్ని అడిగి ఒక మామూలు మంగళవారం బండెనక కూచోబెట్టి పంపండి. చెప్పులొద్దు, బూట్లేసుకోమనండి, మా పక్క దారుల్లో అంతా సర్కారు తుమ్మ ముళ్ళే.