తాతగారి యుద్ధాన్ని గీసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

1971 యుద్ధంలో పోరాడిన మీ తాతగారి జ్ఞాపకాలను యానిమేషన్ డాక్యుమెంటరీగా తీయాలనుకుంటే, ఆయన ఒకే రాత్రిని మూడుసార్లు మూడు రకాలుగా చెప్పారనీ, ఏది గీయాలో తోచడం లేదనీ రాశావు. ఆ మూడింటినీ భద్రపరచు. కథ కుదురుగా రావాలని రెండింటిని తీసేశావంటే, నీ చిత్రానికి ప్రాణమైనదే పోతుంది.

ఆరీ ఫోల్మన్ 2008లో తీసిన యానిమేషన్ డాక్యుమెంటరీ 'వాల్ట్జ్ విత్ బషీర్'ను మరోసారి నిదానంగా చూడు. 1982 లెబనాన్ యుద్ధంలో ఇజ్రాయెల్ సైనికుడైన ఆయనకు, బేరూత్‌లోని సబ్రా, షతీలా శిబిరాల్లో లెబనాన్ క్రైస్తవుల సాయుధ దళమైన ఫలాంజిస్టు మిలీషియా పాలస్తీనా శరణార్థులను ఊచకోత కోసిన రోజుల్లో తానెక్కడున్నదీ గుర్తు లేదు. మిగిలింది ఒక్క దృశ్యం: పసుపు వెలుతురులో ముగ్గురు కుర్రాళ్లు సముద్రంలోంచి దిగంబరంగా లేచి, ఒడ్డున బట్టలు తొడుక్కుని, ఊళ్లోకి నడుస్తారు. ఆ స్నానం జరిగిందని రుజువు లేదు. కానీ ఆ వెలుతురు మాత్రం నిజం. ఆ రాత్రుల్లో శిబిరాల పైన ఇజ్రాయెల్ సైన్యమే ఫ్లేర్లు, అంటే ఆకాశంలో వెలుతురునిచ్చే గుళ్లు, వెలిగించింది. చోటు తప్పినా రంగు తప్పలేదు. తాతగారి మూడు కథనాల్లోనూ మారకుండా నిలిచేది ఏమిటో అలాగే వెతుకు.

ఆయన్ను "తరువాత ఏమైంది?" అని తొందరపెట్టకు. బూట్లు తడిశాయా, ఆ పూట ఏం తిన్నారు, ఏ వాసన వచ్చింది అని అడుగు. ఆ చిత్రంలో ఫోల్మన్ మిత్రుడికి, దళం రాకను మొరిగి చెప్పకుండా పల్లెల్లో తాను కాల్చిన 26 కుక్కల్లో ప్రతి ఒక్కదాని మొహమూ గుర్తుంది. పాత ఫొటోల ఆల్బం మాత్రం చిట్టచివరనే తెరువు. ఎన్నడూ వెళ్లని తిరునాళ్లకు చిన్నప్పుడు వెళ్లినట్టు కల్పించిన ఫొటో చూపితే, నిజంగా వెళ్లామని గుర్తు తెచ్చుకున్నవారి గురించి ఆ చిత్రంలోనే చెబుతారు. తేదీలను, దళం కదలికలను వేరే పుస్తకంలో రాసుకుని రికార్డులతో సరిచూసుకో. ఆయన్ను ఆయన ముఖం మీదే సరిదిద్దవద్దు.

ఇక బొమ్మ ఎక్కడ ఆగాలన్నది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. ఫోల్మన్ చివరి క్షణాల్లో గీతలను పూర్తిగా వదిలేసి, శవాల మధ్య ఏడుస్తున్న స్త్రీలను వార్తా కెమెరా తీసిన దృశ్యాల్లోనే చూపించారు. మరచిపోయిన సైనికుడి వేదన, చనిపోయినవారిని కప్పేయకూడదు కదా. మీ తాతగారి కథలోనూ అవతలి వైపు మనుషులున్నారు.

మొదటి రికార్డింగు అయ్యాక ధ్వని మాత్రమే నాకు పంపు. బొమ్మలు అప్పుడే మొదలుపెట్టవద్దు.