అమ్మానాన్నలు సంతకం చేస్తే చాలు, పిల్లలను మానసిక వైద్యశాలలో చేర్చుకుంటారా?

చేర్చుకోరు, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, 18 ఏళ్లు నిండనివారి విషయంలో సంరక్షకుల దరఖాస్తుతో పాటు ఇద్దరు నిపుణులు, వారిలో కనీసం ఒకరు సైకియాట్రిస్టు, విడివిడిగా పరీక్షించి, చేర్చుకోవడం అవసరమేనని తేల్చాలి. మైనరుకు బదులు పెద్దలే నిర్ణయం తీసుకుంటారు గనుక, వారి కోపానికో తొందరపాటుకో బిడ్డ బలికాకుండా ఉండేందుకే ఈ అడ్డుకట్ట. ఉదాహరణకు, తిండి మానేసి చనిపోతానంటున్న 16 ఏళ్ల ఇంటర్ విద్యార్థినిని చేర్చుకుంటే, ఆమెను పెద్దల వార్డులో ఉంచకూడదు. దరఖాస్తు తండ్రి పెట్టినట్లయితే ఆయన నియమించిన మహిళా సహాయకురాలు అన్నివేళలా వెంటే ఉండాలి. చేర్చుకున్న సంగతిని ఆసుపత్రి, ఈ చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి 72 గంటల్లోగా తెలియజేయాలి. సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్తే ఇక ఆసుపత్రిలో పడేస్తారన్నది చాలామందికి ఉన్న అపోహ, పైగా వైద్యాన్ని ఆలస్యం చేసే అపోహ. ఓపీలో చూపించి మందులతోనో కౌన్సెలింగుతోనో ఇంటికి తిరిగి వచ్చేవారికి ఈ తతంగమేదీ వర్తించదు.