మందు మార్చినా నల్లి ఎందుకు చావడం లేదు?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. ఎకరన్నరలో టమోటా పెట్టాము. ఎండలు ముదిరినప్పటి నుంచి ఆకుల అడుగున ఎర్రనల్లి చేరింది. ఆకులపై తెల్లటి చుక్కలు పడి, క్రమంగా కంచు రంగుకు తిరుగుతున్నాయి. చిగుళ్ల దగ్గర సాలెగూడు కడుతోంది. మూడేళ్ల కిందట ఒక్కసారి కొడితే పోయేది, ఇప్పుడు అదే మందు వారం తేడాతో మూడుసార్లు కొట్టినా పోవడం లేదు. అంగడిలో వేరే పేరున్న డబ్బా ఇచ్చినా ఫలితం అంతే. నల్లి మందుకు అలవాటు పడిందా, లేక మందే కల్తీదా?
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: మందును అనుమానించే ముందు ఒక పరీక్ష చేయండి. పిచికారీకి ముందు నాలుగైదు మొక్కల ఆకులకు దారం కట్టి గుర్తు పెట్టుకుని, మూడో రోజున అవే ఆకులను తిప్పి భూతద్దంతో చూడండి. నల్లి కాపురం ఆకు అడుగున ఉంటుంది కనుక మందు పైనుంచే పడితే దానికి తగలదు; కొన్ని మందులు గుడ్లను చంపవు కనుక, అప్పుడే పొదిగిన పిల్లలను చూసి మందు పని చేయలేదనుకోవడమూ మామూలే. అడుగుభాగం బాగా తడిసిన ఆకు మీద కూడా వీపున రెండు నల్లమచ్చలున్న తల్లి నల్లులు తిరుగుతూ కనిపిస్తే, మీ తోటలో మందును తట్టుకునే నల్లి ఉందని గట్టిగా అనుమానించాలి.

అయితే నల్లి అలవాటు పడింది అనే మాట సరికాదు. మనిషి కారానికి అలవాటు పడినట్టు ఏ ఒక్క నల్లీ విషానికి అలవాటు పడదు. వేరుశనగలో మేలైన కాయలను ఏరి విత్తనానికి దాచుకుంటాము కదా, మందు సరిగ్గా ఆ పనే చేస్తుంది: వేలాది నల్లులలో పుట్టుకతోనే తట్టుకోగల రెండో మూడో ఉంటే, మిగిలినవన్నీ చచ్చి అవే తరువాతి తరానికి విత్తనమవుతాయి. అదే మందును మళ్లీ మళ్లీ కొట్టిన కొద్దీ ఈ ఏరివేత పదునెక్కుతుంది.

ఇతర పురుగులకంటే నల్లిలో ఇది తొందరగా జరగడానికి కారణం దాని సంతానోత్పత్తి తీరులోనే ఉంది. ఎండాకాలంలో గుడ్డు నుంచి తల్లి కావడానికి సుమారు పది రోజులు చాలు. ఒక్కో తల్లి వంద దాకా గుడ్లు పెడుతుంది. పైగా మగనల్లి ఫలదీకరణం చెందని గుడ్డు నుంచి పుడుతుంది కనుక, దానిలో ప్రతి జన్యువూ ఒంటిప్రతిగానే ఉంటుంది. ఆడనల్లిలో జన్యువులు జంటగా ఉండటంతో దాగి ఉండగలిగే తట్టుకునే గుణం కూడా మగవాటిలో వెంటనే బయటపడి, మందు ఏరివేతకు దొరికిపోతుంది. బైఫెనజేట్ అనే నల్లిమందు విషయంలో తట్టుకునే మార్పు, తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) జన్యువులో ఉండటంతో, అటువంటి తల్లికి పుట్టిన పిల్లలన్నింటికీ ఆ గుణం వస్తుంది. ఈ నల్లి 1,100కు పైగా మొక్కల జాతులను తిని బతకగలదు. 2011లో దీని జన్యుక్రమాన్ని పూర్తిగా చదివినప్పుడు, మొక్కలలోని విషాలను విరిచేసే జన్యువులు దండిగా కనిపించాయి. ఆకులోని విషాన్ని అరిగించుకునే ఆ శక్తే మన మందుకూ అడ్డు వస్తోంది.

మీ రెండో డబ్బా ఎందుకు పనిచేయలేదో చూద్దాము. డబ్బా మీద పెద్ద అక్షరాల వ్యాపారనామం కాక, కింద చిన్న అక్షరాలలో ఉండే టెక్నికల్ పేరు, అంటే లోపలి అసలు మందు పేరు చదవండి. రెండింటిలోనూ అబామెక్టినే ఉంటే మీరు మందు మార్చలేదు, డబ్బా మాత్రమే మార్చారు. ఫెనజాక్విన్, ఫెన్‌పైరాక్సిమేట్, పైరిడాబెన్ పేర్లు వేరైనా నల్లి శరీరంలో దెబ్బతీసే చోటు ఒక్కటే కనుక ఒకదానిని తట్టుకున్న నల్లి తక్కిన రెండింటినీ తట్టుకోవచ్చు. స్పైరోమెసిఫెన్ కొవ్వు తయారీని అడ్డుకుంటుంది, ప్రోపర్గైట్ మరో తీరున పనిచేస్తుంది. ఇలా వేరు వేరు తరగతుల మందులను తరానికొకటి చొప్పున మార్చాలి, అది కూడా టమోటాకు సిఫారసు ఉన్నట్టు లేబుల్‌పై చూసుకున్న తరువాతే. కాయపురుగు కోసం సింథటిక్ పైరెత్రాయిడ్లు అనే తరగతి పురుగుమందులను విచ్చలవిడిగా వాడవద్దని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే అవి నల్లిని తినే మిత్రనల్లులనూ చిన్న నల్లపెంకు పురుగులనూ ముందుగా చంపి నల్లికి తోట అప్పగిస్తాయి. తొలిదశలో నీటిలో కలిసే గంధకం మంచిదే కాని, మిట్టమధ్యాహ్నపు ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

ప్రశ్న: కుప్పం వైపు చామంతి వేస్తాము. నల్లి చావకపోతే మోతాదు రెట్టింపు చేసి, రెండు మూడు మందులు కలిపి కొడుతున్నాము. ఇది తప్పా?
– ఒక మహిళా రైతు

జవాబు: తప్పేనమ్మా. మోతాదు పెంచితే ఓ మాదిరిగా తట్టుకునేవి చచ్చి, అన్నింటికంటే మొండివి మిగులుతాయి. రెండు మూడింటిని ఒకేసారి తట్టుకునే నల్లి పుట్టిందంటే, తరువాత మార్చి కొట్టడానికి మీ చేతిలో మందే మిగలదు. ముందుగా నల్లి నిండిన కింది ఆకులను తుంచి, సంచిలో వేసి తోట బయట కాల్చేయండి. ఈ పంటకు ఏ తేదీన ఏ టెక్నికల్ పేరున్న మందు కొట్టారో ఒక నోటుపుస్తకంలో రాసి, తరువాతిసారి అంగడికి దానిని వెంట తీసుకువెళ్లండి.