నెవాడాలో మైనింగ్ క్లెయిమ్‌ల పటాన్ని ఎలా తయారు చేయాలి?

అమెరికాలోని నెవాడాలో ఖనిజాన్వేషణకు క్లెయిమ్‌ల (ఖనిజాలు తవ్వుకునే హక్కు కోసం గుర్తించుకున్న స్థలాల) పటం గీయాలంటే ప్రభుత్వ ఆన్‌లైన్ పటం ఒక్కటే సరిపోతుందా అన్నది ప్రశ్న. సరిపోదు.

1872 నాటి గనుల చట్టం ప్రకారం, రాతిలోని ఖనిజ సిరపై పెట్టే లోడ్ క్లెయిమ్ గరిష్ఠంగా 1,500 అడుగుల పొడవు, 600 అడుగుల వెడల్పు ఉండవచ్చు. దాని అసలు హద్దును నిర్ణయించేవి నేలపై నాటిన గుర్తులే. ఫెడరల్ భూ నిర్వహణ బ్యూరో పటం మాత్రం ఆ క్లెయిమ్ ఏ క్వార్టర్ సెక్షన్‌లో (ఒక క్లెయిమ్ కన్నా చాలా పెద్దదైన సర్వే భాగంలో) ఉందో అంతవరకే చూపుతుంది. కాబట్టి క్లెయిమ్ ఇంకా అమలులో ఉందో లేదో బ్యూరో రికార్డులో చూసుకుని, భూపత్రాలు నమోదు చేసే కౌంటీ రికార్డర్ కార్యాలయం నుంచి లొకేషన్ నోటీసును (క్లెయిమ్ పెట్టినట్టు తెలిపే పత్రాన్ని), దానితో దాఖలైన పటాన్ని తెప్పించుకుని, వాటిలోని దూరాలు, దిశల ఆధారంగా మూలలను గుర్తించాలి.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త అవసరమైనది డేటమ్ (భూమిపై స్థానాలను కొలిచేందుకు వాడే ఆధార వ్యవస్థ) విషయంలో అని నా అభిప్రాయం. పాత పత్రాల్లోని 1927 నాటి ఉత్తర అమెరికా డేటమ్‌ను 1983 నాటిదిగా పొరబడితే, యూటీఎం (స్థానాలను మీటర్లలో చూపే గడుల పద్ధతి) పటంపై హద్దు ఉత్తర దక్షిణాలుగా దాదాపు 200 మీటర్లు, అంటే ఒక క్లెయిమ్ వెడల్పు కన్నా ఎక్కువే జరిగిపోయి, పొరుగువారి హద్దులో డ్రిల్లింగ్ చేసే ప్రమాదం ఉంది. క్లెయిమ్‌లు ఒకదానిపై ఒకటి పడినచోట సాధారణంగా ముందుగా పెట్టినదానికే ప్రాధాన్యం ఉంటుంది కనుక, ప్రతి క్లెయిమ్ పక్కన లొకేషన్ తేదీని కూడా రాయాలి.