అడ్రస్ ఫారం దగ్గరే ఆగిపోయిన అమ్మాయి

"మా అమ్మాయి డిగ్రీ చివరి ఏడాది. రెండు వారాలుగా జాంగోలో (వెబ్‌సైట్లు కట్టే పైథాన్ సాధనం) ఒక్క అడ్రస్ ఫారంతోనే కుస్తీ పడుతోంది. తనతో చదివేవాళ్లంతా ఏఐ కోర్సుల్లో చేరిపోయారు. ఇది మాన్పించి అందులో చేర్పించమంటారా? రెండింట్లో ఏది మేలు?" అని ఒక తండ్రి రాశారు.

అయ్యా, మీరు అడిగింది కోర్సు గురించే అయినా, అసలు బెంగ అమ్మాయి వెనకబడిపోతోందేమోనని. వెనకబడలేదు. ముందు ఆ భయం తీసేయండి.

అడ్రస్ ఫారం చూడ్డానికి నాలుగు గడులే. చేయడానికి కూర్చుంటే తెలుస్తుంది. పోస్టల్ కోడ్ అంకెలే కదా అని ఇంటిజర్ ఫీల్డ్, అంటే పూర్ణసంఖ్యలే పట్టే గడి, పెడితే 02108 అనే అమెరికా జిప్ కోడ్ కాస్తా 2108 అయి కూర్చుంటుంది. బ్రిటన్ కోడ్‌లో అక్షరాలూ ఉంటాయి, అది అసలు లోపలికే రాదు. ఐర్లాండ్‌లో 2015 దాకా దేశమంతటికీ ఒక పోస్టల్ కోడ్ పద్ధతే లేదు. ఆ గడిని తప్పనిసరి చేసిన ఫారం అక్కడివాళ్లను గుమ్మంలోనే ఆపేసినట్టు. దేశం మారిస్తే రాష్ట్రాల జాబితా మారాలి. బ్రౌజర్‌లో మారితే చాలదు, ఆ రెండూ పొసుగుతాయో లేదో సర్వర్‌లో క్లీన్ మెథడ్ (నింపినదాన్ని సరిచూసే కోడ్ ముక్క) మళ్లీ చూడాలి. అడ్రస్ మొత్తాన్నీ ఒకే మల్టీవాల్యూఫీల్డ్‌గా, అంటే చాలా గడులను కలిపిన ఒకే ఫీల్డ్‌గా, కడితే ఇంకో చిక్కు: ఖాళీగా వదిలిన రెండో లైనుకు కూడా ఎర్రర్ వస్తుంది. అన్ని గడులూ నింపాల్సిందేననే 'రిక్వైర్ ఆల్ ఫీల్డ్స్' సెట్టింగును ఫాల్స్ చేసి, అంటే ఆపేసి, ఆ ఒక్క లైనుకు విడిగా 'రిక్వైర్డ్' తీసేయాలి. ఇది తట్టక రోజులు పోగొట్టుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను.

ఇక ఏఐ. ఆ రంగం గొప్పదే, నాకు అనుమానం కోర్సుల మీద. వాటిలో చేరి వచ్చిన పిల్లల్ని "డేటా ఎలా శుభ్రం చేశావమ్మా?" అని అడిగితే "ఫైలు వాళ్లే ఇచ్చారండీ" అంటారు. స్టాటిస్టిక్స్, లీనియర్ ఆల్జీబ్రా మీద ఇష్టముంటే తప్పకుండా వెళ్లాలి. పేరు చూసి వెళ్తే సర్టిఫికెట్ మిగులుతుంది. ఈ ఫారం ఏఐ క్షణంలో రాసేస్తుందిగా అంటారేమో. రాస్తుంది. పోస్టల్ కోడ్ లేని మనిషిని అది వెనక్కి పంపేస్తోందా అన్నది చూడాల్సింది మాత్రం మనిషే. మీ అమ్మాయి ఇప్పుడు నేర్చుకుంటున్నది అదే.

ఒక మాట గట్టిగానే చెబుతాను. ఎవరి పిల్లలు ఎందులో చేరారో రాశారు. మీ అమ్మాయి ఏ గడి దగ్గర ఆగిందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మీరు అడగలేదన్నమాట! పక్కన కూర్చుని చూడకుండానే మాన్పించేయడం ఏం న్యాయం?

ఇదే ఫారంతో రెండు నెలలు గడిస్తే నాకూ కంగారే. అప్పుడు తెలిసినవాళ్లకు కోడ్ చూపించమనండి. ఈ రాత్రికి మాత్రం ఆ ఫారం తెరవమని, మీకు తెలిసిన అతి పొడవైన అడ్రస్ మీ చేత్తో నింపండి. ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ ఆపి అమ్మాయికి చూపించండి. కోర్సు సంగతి అది పూర్తయ్యాక, తననే అడగండి.