టైకా వైటీటీ: థోర్ కన్నా ముందు ఓపోటికి

అడిగిన ప్రశ్న ఇది: "టైకా వైటీటీని ఆదివాసీ దర్శకుడు అంటారు. నేను చూసింది థోర్ ఒక్కటే, అందులో ఆదివాసీల ఊసే లేదు. నటుడిగా, దర్శకుడిగా ఆయన ప్రయాణం ఎలా సాగింది? ఏ సినిమాతో మొదలుపెట్టాలి?"

'బాయ్'తో మొదలుపెట్టండి. 2010లో వచ్చింది. ఎందుకో చెప్పాలంటే కొంచెం నా కథ కూడా చెప్పాలి.

2017లో ఆక్లాండ్‌లో చదువు అయిపోయి, చదువుకు తగ్గ ఉద్యోగం దొరక్క, న్యూజిలాండ్ ఉత్తర దీవి తూర్పు తీరంలో ఓపోటికి అనే చిన్న పట్టణానికి వెళ్లాను. కివీపండ్ల ప్యాకింగ్ షెడ్‌లో ఒక సీజన్ పని. బెల్టు మీద కాయలు దొర్లుకుంటూ వస్తుంటాయి. మచ్చ పడ్డదాన్ని, వంకర పోయినదాన్ని ఏరి పక్కన వేయాలి, అంతే. పచ్చ రకం కాయల నూగు చొక్కా కాలరులో చేరితే రాత్రంతా దురద. బెల్టు దగ్గర మా వరసలో పనికి పెద్ద ఒక మావోరీ ఆవిడ, అంటే న్యూజిలాండ్ ఆదివాసీ. చుట్టమైనా కాకపోయినా అందరూ ఆమెను ఆంటీ అనే పిలిచేవారు. ఈ ఒక్క విషయంలో వాళ్లూ మనమూ ఒకటే.

ఆమె మొదట దిద్దింది నా ఉచ్చారణను. మావోరీని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు కాబట్టి నేను ఇంగ్లీషులాగే చదివేవాణ్ణి. ఒకరోజు అట్టపెట్టె మీద మార్కరుతో ఊళ్ల పేర్లు తెలుగులో రాసుకుని చదివాను. ఈసారి ఆమె దిద్దలేదు. ఆ భాషలో మాటలన్నీ అచ్చుతోనే ముగుస్తాయి, మన తెలుగులాగే అజంతం. అచ్చులు ఐదు, ప్రతిదానికీ హ్రస్వం, దీర్ఘం. హల్లులు పదే పది. 'డబ్ల్యూ హెచ్' అని రాసినదాన్ని దాదాపు మన 'ఫ'లా పలుకుతారు. అలా చూస్తే టైకా వాళ్ల తెగ పేరు తె ఫానౌ ఆ అపానుయి. ఓపోటికి దాటి తీరం వెంబడి ఉన్న ఊళ్లు వాళ్లవే.

తడిసిన కాయ కోయకూడదు. అందుకని వాన పట్టుకుంటే షెడ్‌కు పని ఉండదు, మాకు కూలీ ఉండదు. అలాంటి వాన రోజున ఆంటీ మా ముగ్గురిని ఇంటికి పిలిచి సూప్ పెట్టి, 'బాయ్' డీవీడీ వేశారు. "మా వాడే తీశాడు, మా తీరంలోనే తీశాడు" అన్నారు. అందులో బాయ్ పాత్ర వేసిన జేమ్స్ రోల్‌స్టన్ ఓపోటికిలో పెరిగినవాడే. జనంలో ఒకడిగా కనిపించడానికి వచ్చిన ఆ పిల్లవాణ్ణి షూటింగ్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు ప్రధాన పాత్రకు మార్చారు. ఈ సంగతి ఆ ఊళ్లో అందరికీ తెలుసు, అందరూ తమ ఇంట్లో జరిగినట్టే చెబుతారు.

కథ 1984లో, వైహౌ బే అనే ఊళ్లో జరుగుతుంది. పదకొండేళ్ల పిల్లవాడు, వాడి తమ్ముడు, ఇంకా బంధువుల పిల్లలు కొందరు. తల్లి లేదు. నానమ్మ ఎవరి అంత్యక్రియలకో వెళుతూ ఇల్లు పెద్దవాడికి అప్పగిస్తుంది. వాడి స్నేహితుల పేర్లు డల్లాస్, డైనస్టీ, అప్పటి అమెరికన్ సీరియళ్ల పేర్లు. మైకేల్ జాక్సన్ అంటే వీడికి ప్రాణం. తండ్రి గురించి బడిలో వీడు చెప్పే కథలకు అంతే ఉండదు. ఆ తండ్రి జైలు నుంచి ఇద్దరు అనుచరులను వెంటేసుకుని తిరిగొస్తాడు. పిల్లల కోసం కాదు, ఎప్పుడో పొలంలో పాతిపెట్టిన డబ్బు సంచీ కోసం. ఎక్కడ పాతాడో గుర్తు లేదు. పొలమంతా తవ్వుతూ పోతాడు.

ఆ తవ్వే సన్నివేశాలకు నేను పడీపడీ నవ్వాను. పక్కకు చూస్తే ఆంటీ నవ్వడం లేదు. తర్వాత పిల్లలు నానమ్మ లేని ఇంట్లో తమలో తామే వంట, స్నానం, పడక చూసుకునే చోట, నాకు గొంతు పట్టేసిన చోట, ఆమె చేతులు చరిచి నవ్వారు. "మేమూ అంతే" అన్నారు. గుంతల దగ్గర ఎందుకు నవ్వలేదని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

టైకా ప్రయాణంలో నాకు కనిపించిన దారం ఆ తండ్రి దగ్గరే ఉంది. ఆ పాత్ర పేరు ఆలమెయిన్, రెండో ప్రపంచ యుద్ధంలో మావోరీ దళం పోరాడిన ఎల్ ఆలమెయిన్ పేరే. అంత పెద్ద యుద్ధం పేరు మోస్తూ ఏమీ చేతకాని మనిషి. ఆ పాత్రను దర్శకుడు వేరొకరికి ఇవ్వలేదు, తనే వేశారు. తొమ్మిదేళ్ల తర్వాత 'జోజో రాబిట్'లో పదేళ్ల జర్మన్ పిల్లవాడు ఊహించుకునే హిట్లర్‌గా కూడా తనే కనిపించారు. పిల్లవాడి బుర్రలో కొండంతగా పెరిగిన మగవాడు, దగ్గరికెళితే డొల్ల. ఆ డొల్ల పాత్రను మాత్రం టైకా తన దగ్గరే ఉంచుకుంటారు. మన దగ్గర దర్శకుడు తెర మీదికొస్తే రెండు నిమిషాలైనా గొప్పగా కనపడాలని చూస్తాడు కదా, ఈయనది పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం.

నిజానికి ఆయన నటుడిగానే మొదలయ్యారు. పుట్టింది 1975లో. తండ్రి మావోరీ, చిత్రకారుడు, వ్యవసాయం కూడా చేసేవారు. తల్లి బడిపంతులమ్మ, ఆమెది రష్యన్ యూదు మూలాలున్న కుటుంబం. వెల్లింగ్టన్‌లో తల్లి దగ్గర కొంత, వైహౌ బేలో తండ్రి వాళ్ల దగ్గర కొంత పెరిగారు. మొదట్లో తల్లి ఇంటిపేరు కోహెన్‌తోనే తెర మీద కనిపించేవారు. విశ్వవిద్యాలయంలో జెమైన్ క్లెమెంట్‌తో కలిసి హాస్య నాటకాలు వేశారు, 1999లో 'స్కార్ఫీస్' సినిమాలో నటించి పేరు తెచ్చుకున్నారు. తర్వాత ఒక టీవీ సీరియల్‌లో బట్టలు విప్పి ఆడే డాన్సరు పాత్ర దొరికింది. షాట్ కోసం ఒంటి మీద గుడ్డపేలికతో నటులు ఎదురుచూసే గదిలో కూర్చున్నప్పుడే, ఇక నా కథలు నేనే రాసుకోవాలి అనుకున్నానని ఆయనే చెప్పారు.

ఆ రాయడంలోంచి వచ్చింది 'టూ కార్స్, వన్ నైట్', పదకొండు నిమిషాల నలుపు తెలుపు చిత్రం. పబ్ బయట రెండు కార్లు. లోపల తాగుతున్న పెద్దల కోసం కార్లలో ఎదురుచూసే పిల్లలు. ముందు ఒకరినొకరు వెక్కిరించుకుంటారు, ఆఖరికి ఒక ఉంగరం చేతులు మారుతుంది. అంతకు మించి ఏమీ జరగదు. 2005లో దీనికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. కెమెరా తన వైపు తిరిగేసరికి టైకా కుర్చీలో నిద్రపోతున్నట్టు నటించారు. మీకు తీరిక ఒక్క పావుగంటే ఉంటే దీన్నే చూడండి.

ఆ తర్వాత సంగతులు వరసగా చెప్పేస్తాను. 2007లో 'ఈగిల్ వర్సెస్ షార్క్'. 'ఫ్లైట్ ఆఫ్ ద కాంకార్డ్స్' టీవీ సిరీస్‌లో కొన్ని భాగాలకు దర్శకత్వం. 2011లో 'గ్రీన్ లాంటర్న్'లో హీరో స్నేహితుడి పాత్ర. కామిక్స్‌లో ఆ పాత్ర ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ఆదివాసీ, హాలీవుడ్ దానికి మావోరీ నటుణ్ణి తెచ్చి సరిపెట్టింది. 2014లో క్లెమెంట్‌తో కలిసి పిశాచాల హాస్యం 'వాట్ వి డు ఇన్ ద షాడోస్', దాని నుంచి తర్వాత అమెరికాలో ఒక టీవీ సిరీస్, న్యూజిలాండ్‌లో ఇంకొకటి. 2016లో 'హంట్ ఫర్ ద వైల్డర్‌పీపుల్'. స్వదేశంలో 'బాయ్' నెలకొల్పిన వసూళ్ల రికార్డును తన సినిమాతోనే తను దాటారు.

మీ అసలు సందేహం థోర్ గురించి. 2017లో వచ్చిన 'థోర్: రాగ్నరోక్' ప్రపంచవ్యాప్తంగా 85 కోట్ల డాలర్లు దాటింది. తెర మీద ఆదివాసీల కథ లేదన్నది నిజమే. తెర వెనక్కి వెళితే వేరు. ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్‌లో షూటింగ్ మొదలయ్యేటప్పుడు ఆ నేల ఆదివాసీ పెద్దలతో స్వాగత క్రతువు చేయించారు, ఆదివాసీ యువతను పని నేర్చుకోవడానికి యూనిట్‌లోకి తీసుకున్నారు. మన పూజా కార్యక్రమం లాంటిదే అనుకోవచ్చు, కాకపోతే ఇక్కడ కొబ్బరికాయ కొట్టేది నిర్మాత, అక్కడ మాట్లాడేది ఆ నేల తమదైనవాళ్లు. 2020లో 'జోజో రాబిట్' స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ అందుకున్నప్పుడు దాన్ని కళలు చేయాలనుకునే ప్రపంచ ఆదివాసీ పిల్లలకు అంకితమిచ్చారు.

అంకితాలు ఎవరైనా ఇస్తారు. నేను ఎక్కువ విలువ ఇచ్చేది 'రిజర్వేషన్ డాగ్స్'కు. 2021 నుంచి 2023 దాకా మూడు సీజన్లు. అమెరికాలోని ఓక్లహోమాలో నలుగురు ఆదివాసీ టీనేజీ పిల్లల కథ. సెమినోల్, మస్కోగీ ఆదివాసీ తెగల మూలాలున్న స్టెర్లిన్ హార్జో, టైకా కలిసి మొదటి భాగం రాశారు. ఆ తర్వాత టైకా పక్కకు తప్పుకుని, పగ్గాలు హార్జోకే వదిలేశారు. రచయితలు, దర్శకులు, ప్రధాన నటులు అందరూ ఆదివాసీలే. తన పేరు చూసి తలుపు తెరిచారు, లోపలికి ఆ ఊరివాళ్లను పంపి తను గుమ్మం దగ్గర ఆగారు. పేరున్న వాళ్లలో ఈ పని చేసేవాళ్లు తక్కువ.

అన్నీ బాగున్నాయని కూడా అనను. 2022లో ఆయన తీసిన రెండో థోర్ సినిమా 'థోర్: లవ్ అండ్ థండర్'లో హాస్యం ఎక్కడ ఆపాలో తెలియలేదు. 2001లో ఆస్ట్రేలియా చేతిలో 31-0తో ఓడిన అమెరికన్ సమోవా ఫుట్‌బాల్ జట్టు కథ 'నెక్స్ట్ గోల్ విన్స్'లో ఊరి జనం కన్నా బయటి నుంచి వచ్చిన కోచ్ బాధే ఎక్కువైంది. కొందరు పిల్లలు, రెండు కార్లు చాలిన మనిషికి అంత డబ్బు ఇస్తే ఏమవుతుందో వీటిలో చూడొచ్చు. వీటిని చివరికి పెట్టుకోండి, లేదా వదిలేయండి.

సీజన్ ముగిశాక నేను ఒక ఆదివారం ఓపోటికి నుంచి 35వ నంబరు రోడ్డు పట్టుకుని వైహౌ బే దాకా వెళ్లాను. దాదాపు 100 కిలోమీటర్లు, ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం. దారిలో రౌకోకొరె దగ్గర నీళ్ల అంచున ఒక తెల్ల చర్చి. వైహౌ బేలో పడవలు, నాలుగు ఇళ్లు, గడ్డి మేస్తున్న గుర్రం. ఒక పొలం దగ్గర కారు ఆపి, కంచె అవతల నేలను కాసేపు చూశాను. గుంతలేమీ లేవు, ఉండవని తెలుసు. ఆంటీ ఆరోజు ఎందుకు నవ్వలేదో అక్కడ నిలబడ్డాక కొంచెం అర్థమైంది. ఎవరి తండ్రో తిరిగొస్తే కనపడడానికి ఆ ఊళ్లో ఉన్నది ఆ ఒక్క రోడ్డే.

ఆ ఏడాది చివర్లో థోర్ విడుదలయ్యాక ఆమెకు ఫోన్ చేసి ఎలా ఉందని అడిగాను. అందులో కోర్గ్ అనే రాతిమనిషి ఉంటాడు గుర్తుందా, కొండంత ఒళ్లు, మెత్తటి గొంతు? ఆ గొంతు టైకాదే. పబ్బుల గుమ్మాల దగ్గర నిలబడే పాలినేషియన్ కాపలా కుర్రాళ్లను తలచుకుని ఆ గొంతు పెట్టానని ఆయనే చెప్పారు. ఆంటీకి ఆ సంగతి నేను చెప్పబోతే ఆమె చెప్పనివ్వలేదు.

"నాకెందుకు చెబుతావు? వాడు మా మేనల్లుడు. టౌరంగాలో పబ్ ముందు నిలబడతాడు."