పాత కోచ్‌బిల్ట్ (బాడీని వేరే సంస్థ చేత్తో కట్టిన) బెంట్లీ మార్క్ 6 కారు బాగుచేయించాలంటే ముందు ఏం చూడాలి?

ముందు చెక్క చూడండి, ఇంజన్ తర్వాత. 1946–52 మధ్య వచ్చిన ఈ కారుకి ఇంజన్ భాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. పార్క్ వార్డ్, హెచ్.జె. మల్లినర్ లాంటివాళ్లు కట్టిన చాలా బాడీల్లో మాత్రం అల్యూమినియం రేకు కింద యాష్ అనే చెట్టు చెక్కతో చేసిన చట్రం ఉంటుంది. నీళ్లు దిగి పుచ్చిపోయేది అదే. తలుపు సగం తెరిచి, చివర పట్టుకుని పైకెత్తండి. కీలుతోపాటు అది బిగించిన నిలువు పిల్లర్ కూడా కదిలితే అడుగున చెక్క పోయినట్టే.

చెక్కలన్నీ ఒకేసారి ఊడదీయొద్దు, బాడీ వంకరపోతుంది. తలుపులు ఉండే ఖాళీల్లో అడ్డకమ్మీలు బిగించి, ఒక్కో ముక్కే తీసి, దాన్నే నమూనాగా పెట్టి కొత్తది చెక్కించండి.

చెక్క తీయడానికి రేకు అంచు మడత అలాగే విప్పితే పగులుతుంది. అది మెత్తబడేలా సబ్బు రాసి మంటతో వేడిచేయండి, సబ్బు నల్లబడగానే ఆపేయాలి. అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగిపోతుంది. కింద ఉన్నది చెక్క, అది అంటుకోకుండా తడిగుడ్డ వేయడం మరిచిపోవద్దు.